హెరిటేజ్ ట్రయల్ వేద్దామనుకుంటున్నాం, జాబితాలో 32 చోట్లు ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 · పాతబాట

అందరికీ నమస్కారం. మేం ఏడుగురం కలిసి ఒక వారసత్వ బాట, అదే హెరిటేజ్ ట్రయల్, తయారు చేద్దామనుకుంటున్నాం. ఎక్కడో కావాలనే చెప్పడం లేదు. పేరు చెప్పగానే చర్చంతా ఆ ఊరి మీదికి మళ్లుతుంది. నాకు తెలియాల్సింది పని ఎలా చెయ్యాలన్నది.

రెండు నెలలు కూర్చుని పాత పుస్తకాలు, రికార్డులు తిరగేసి 32 చోట్లతో ఒక ఎక్సెల్ షీటు తయారు చేశాం. మ్యాప్ మీద చుక్కలు పెట్టి కలిపితే దాదాపు 9 కిలోమీటర్లు వచ్చింది. బోర్డు డిజైన్ అయిపోయింది, లోగో కూడా బాగా కుదిరింది. వచ్చే నెల స్థానికులతో ఒక సమావేశం పెట్టి, జాబితా చూపించి, వాళ్ల అభిప్రాయాలు తీసుకోవాలని ప్లాను.

బోర్డులు ముందా, యాప్ ముందా? సమావేశానికి జనం రావాలంటే ఏం చెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 · మ్యాపుపిచ్చి

యాప్ మాట మర్చిపోండి. రెండు గంటల నడక కోసం ఎవరూ యాప్ దించుకోరు. దించుకున్నా ఏడాది తర్వాత దాన్ని అప్‌డేట్ చేసే నాథుడు ఉండడు.

ఆ 32 చోట్లనూ ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టండి. 2004 నుంచి వాలంటీర్లు కడుతున్న మ్యాప్ అది. పాత కట్టడాలకీ, శాసనాలకీ, స్మారకాలకీ విడిగా ట్యాగులున్నాయి. ఫోటోలు వికీమీడియా కామన్స్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఫోటోల భాండారంలో, పెట్టండి. రేపు మీ ఏడుగురూ ఏడు దిక్కులకి పోయినా సమాచారం మిగులుతుంది. ఎక్సెల్ షీటు మాత్రం ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌తో పాటే పోతుంది.

#3 · రాళ్లభాష

9 కిలోమీటర్లంటే నడక కాదు స్వామీ, పాదయాత్ర.

అందరూ ఉదాహరణగా చెప్పే అమెరికాలోని బోస్టన్ ఫ్రీడమ్ ట్రయల్ దాదాపు 4 కిలోమీటర్లు, అందులో 16 చోట్లు. జర్మనీలోని హానోవర్‌లో నేలమీద ఎర్ర గీత గీసి 36 చోట్లు కలిపారు. అదీ 4.2 కిలోమీటర్లే, అన్నీ నగరం నడిబొడ్డున దగ్గర దగ్గరగా ఉన్నవే. మనిషి ఒంటరిగా అయితే గంటకి 4, 5 కిలోమీటర్లు నడుస్తాడు. గుంపుగా, ఆగి వింటూ, ఫోటోలు దిగుతూ నడిస్తే గంటకి కిలోమీటరు దాటడం కష్టం. రెండు గంటలు దాటితే వినేవాళ్ల చూపు గడియారం మీదికి పోతుంది.

ఫ్రీడమ్ ట్రయల్ ఎలా పుట్టిందో చూడండి. 1951లో విలియం స్కోఫీల్డ్ అనే పాత్రికేయుడు తన శీర్షికలో రాసిన ఆలోచన అది. చూడాల్సినవన్నీ ఉన్నాయి, వాటిని కలిపే దారే లేదు అన్నదే ఆయన బాధ. అదే ఏడాది గుర్తుల బోర్డులు వచ్చాయి. ఇప్పుడు ప్రసిద్ధమైన బోస్టన్ ఎర్ర గీత మాత్రం 1958లో వచ్చింది. అంటే ఏడేళ్లు గీత లేకుండానే నడిచారు. మీకు లోగో అప్పుడే వచ్చేసింది!

#4 · వంతెన

పాతబాట గారూ, కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి. జాబితా అయ్యాక, డిజైన్ అయ్యాక, ఇప్పుడు అభిప్రాయం అడగడమంటే ముహూర్తం పెట్టేసి పిల్ల చూపులకి వెళ్లినట్టు. జనం వస్తారు, తల ఊపుతారు, ఫోటో దిగి వెళ్లిపోతారు. మర్నాటి నుంచి ఆ బాట మీది, వాళ్లది కాదు.

ఆ షీటు ఒక నెల బీరువాలో పెట్టండి. ఖాళీ మ్యాప్ ఒకటి పెద్ద సైజులో ప్రింటు తీసుకుని ఒక్కొక్కరితో విడిగా నడవండి. సమావేశంలో మాట్లాడనివాళ్లు నడకలో మాట్లాడతారు. ఎదురెదురుగా కూర్చుంటే అది ఇంటర్వ్యూ అవుతుంది, పక్కపక్కన నడిస్తే కబుర్లవుతాయి. నేనైతే మూడే ప్రశ్నలు అడుగుతాను. ఇక్కడ ఏది పోతే మీకు బాధేస్తుంది? బయటివాళ్లు వస్తే ముందు ఏం చూపిస్తారు? ఏది చూపించడం మీకు ఇష్టం లేదు? మూడోది అందరూ మర్చిపోతారు. తర్వాత గొడవలన్నీ దాని దగ్గరే వస్తాయి.

2007లో టొరంటోలో మొదలైన జేన్స్ వాక్‌లు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ గుర్తుగా పెట్టినవి. ఏ వీధిలో ఉండేవాళ్లు ఆ వీధిలో నడిపిస్తారు, టికెట్ ఉండదు, గైడు చెప్పేది వినడం కాకుండా నడిచేవాళ్లూ మాట్లాడతారు.

రాళ్లభాష గారు చెప్పిన బోస్టన్ గురించే ఇంకో మాట. ఆ ఊళ్లోనే ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్రతో బ్లాక్ హెరిటేజ్ ట్రయల్ ఉంది. 1989లో బడి టీచర్లు, లైబ్రేరియన్లు, విద్యార్థులు కలిసి మహిళల హెరిటేజ్ ట్రయల్ వేశారు. మొదటి గీతలో తమకి చోటు సరిపోనివాళ్లు తమ గీత తామే గీసుకున్నారన్నమాట. మీ 32లో ఆడవాళ్లకి సంబంధించినవి ఎన్ని? పనిచేసుకుని బతికినవాళ్లవి ఎన్ని?

#5 · పాతబాట

ఇప్పుడే లెక్కపెట్టాను. ఆడవాళ్ల పేరు ఉన్నది ఒక్కటి, అదీ కట్టించినాయన భార్య పేరు. పనివాళ్లవి సున్నా.

నిజం చెప్పాలంటే మొదట చదివినప్పుడు కోపమొచ్చింది. రెండు నెలల పని మరి. కానీ పుస్తకాల్లోంచి తీసిన జాబితాలో పుస్తకాలు రాయించుకోగలిగినవాళ్లే ఉంటారు కదా.

#6 · సందేహాలరావు

అందరూ భలే చెబుతున్నారు గానీ, "స్థానికులు" అంటే ఎవరండీ? నాకు తెలిసినంతలో సమావేశానికి వచ్చేది ఎప్పుడూ ఆ పదిమందే. అందులో ఇద్దరు మైకు వదలరు. మీరు సమాజం మాట అనుకుని రాసుకునేది నిజానికి ఆ ఇద్దరి మాట. అద్దెకుండేవాళ్లు, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు స్థానికులు కారా? ఊరు వదిలి వెళ్లిపోయి ఏడాదికోసారి వచ్చేవాళ్ల సంగతేంటి? అందరినీ అడుగుతూ కూర్చుంటే పని తెమలదు, అడక్కపోతే గొడవ. కాబట్టి ఏడుగురే కూర్చుని మంచి పని ఒకటి చేసి చూపించడం మేలని నా ఉద్దేశం.

#7 · వంతెన

మొదటి సగం నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే సమావేశం వద్దు, నడవండి అన్నాను.

ఎవరు స్థానికులు అన్నదానికి వారసత్వం మీద ఐరోపా దేశాలు చేసుకున్న ఫారో ఒప్పందం ఒక దారి చూపించింది. 2005లో చేశారు, 2011లో అమల్లోకి వచ్చింది. అందులో వారసత్వ సమాజం అంటే అక్కడ పుట్టినవాళ్లని కాదు. ఒక వారసత్వానికి విలువిచ్చి, దాన్ని నిలబెట్టి తర్వాతివాళ్లకి అందించాలనుకునేవాళ్లు ఎవరైనా అందులోకి వస్తారు. అద్దెకుండే మనిషి ఆ పాత బావిని పట్టించుకుంటే ఆ మనిషీ వారసుడే.

రెండో సగం మాత్రం ఒప్పుకోను. ఏడుగురు చేసిన మంచి పనిని ఊడ్చేదెవరు?

#8 · అమ్మమ్మకథలు

జ్ఞాపకాలు రికార్డు చేసే పని పదేళ్లుగా చేస్తున్నాను. ఆ ముక్క నన్ను చెప్పనివ్వండి.

ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడటానికి, ఒకరు రికార్డింగ్ చూసుకోవడానికి. ఫోన్ చాలు, కానీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి ఘట్టంలో కాల్ వస్తుంది. ఫ్యాను చప్పుడు మనకి వినిపించదు, రికార్డింగ్‌లో మాత్రం హోరెత్తిపోతుంది. "మీ చరిత్ర చెప్పండి" అని అడక్కండి. ఆ మాట వినగానే పెద్దవాళ్లు బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఎక్కడో విన్న రాజుల కథ చెబుతారు. పాత ఫోటో ఒకటి చేతిలో పెట్టండి. లేదా "చిన్నప్పుడు బడికి ఏ దారిన వెళ్లేవారు?" అని అడగండి. దారి చెబుతుంటే ఊరంతా దానంతటదే వచ్చేస్తుంది. ట్రయల్ పనికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు దొరకలేదు.

ఇంట్లో మగవాళ్లుంటే ఆడవాళ్లు మాట్లాడరు, మాట్లాడినా మగవాళ్లు అడ్డం వస్తారు. ఒకచోట బావి గురించి అడిగితే ఇంటాయన అరగంట పాటు దాని లోతు, తవ్వించిన ఖర్చు చెప్పాడు. ఆయన బయటికి వెళ్లాక ఆవిడ నోరు విప్పింది. తెల్లవారుజామున నీళ్లకి వెళ్లినప్పుడు ఎవరి చేద ముందు పడాలనే గొడవలు, కొత్త కోడళ్లు ఒకరికొకరు చెప్పుకున్న కష్టాలు, తాడు ఒరిసి రాతిమీద పడ్డ గాడులు ఏ వైపు లోతుగా ఉంటాయో, ఎందుకో. లోతూ ఖర్చూ నాకిప్పుడు గుర్తులేవు. ఆ గాడులు మాత్రం ఏ బావి చూసినా వెతుకుతాను.

ఇక అనుమతి. రికార్డింగ్‌కి ఒకసారి, అచ్చువేసే ముందు ఇంకోసారి అడగాలి. రెండోసారి రాసిందంతా చదివి వినిపించాలి. ఒక పెద్దావిడ రికార్డర్ ఆపేశాక అసలు కథ చెప్పింది. అంత మంచి కథ నాకు మళ్లీ దొరకలేదు. అది ఎక్కడా వాడలేదు, ఇక్కడా చెప్పను.

ఫైళ్లు మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఇంట్లో. ఇది నా సొంత తెలివి కాదు, ఆర్కైవ్‌ల వాళ్లు ఎప్పటినుంచో పాటించే లెక్క. నేను మాత్రం ఒక హార్డ్‌డిస్క్ పోయాక నేర్చుకున్నాను.

#9 · బడిగంట

టీచర్ని. బడి పిల్లల్ని కలపండి. పిల్లలు వెళ్లి అడిగితే తాతలు కాదనరు. ఒక హెచ్చరిక మాత్రం చెయ్యాలి. "ప్రాజెక్టు వర్క్" అని పేరు పెట్టారో, ఇంటర్నెట్ నుంచి దించి రంగుల పెన్నుతో రాసి తెచ్చేస్తారు. నేను "గూగుల్‌లో లేనిది ఒక్కటి తీసుకురండి" అన్నాను. రెండు వారాల్లో వచ్చినవాటిలో సగం చెత్తే. మిగతా సగం ఏ రికార్డులోనూ దొరకనిది.

#10 · సందేహాలరావు

సరే, అసలు చిక్కు అడుగుతాను. జనం చెప్పేది రికార్డు చేస్తారు. అందులో సొరంగం ఉంటుంది, నిధి ఉంటుంది, రాత్రికి రాత్రి కట్టిన గోడ ఉంటుంది. అన్నీ వెయ్యేళ్ల నాటివే. బోర్డు మీద ఏం రాస్తారు? సొరంగం ఉందని రాస్తే మీ పరువు పోతుంది. లేదని రాస్తే చెప్పిన పెద్దాయన పరువు పోతుంది.

#11 · రాళ్లభాష

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

రెండూ రాయాలి, కానీ కలిపి రాయకూడదు. బోర్డు మీద రెండు భాగాలు పెట్టండి. ఒకటి "రాతలో ఉన్నది", రెండోది "జనం చెప్పుకునేది". రాతలో ఉన్నదానికి ఆధారం ఏమిటో ఒక్క ముక్కలో చెప్పాలి: శాసనమా, దస్తావేజా, పాత మ్యాపా, గోడమీది తేదీనా. జనం చెప్పుకునేదాన్ని వాళ్ల మాటల్లోనే రాయాలి, "మూఢనమ్మకం" లాంటి ముద్రలు వెయ్యకుండా. సొరంగం కథ నిజం కాకపోవచ్చు. ఆ కథ నాలుగు తరాలుగా చెప్పుకుంటున్నారన్నది మాత్రం నిజం. చారిత్రక స్థలాల వ్యాఖ్యానం మీద ఐకోమాస్ అనే అంతర్జాతీయ వారసత్వ సంరక్షణ సంస్థ 2008లో తెచ్చిన చార్టర్, అంటే మార్గదర్శక పత్రం, కూడా పండితుల పరిశోధననీ, బతికున్న సంప్రదాయాలనీ, నోటిమాట సాక్ష్యాలనీ, అన్నిటినీ ఆధారాలుగా తీసుకోమంటుంది.

వెయ్యేళ్ల సంగతి. తేదీ తెలియకపోతే వెయ్యకండి. "పాతది" చాలు. ఒకసారి బోర్డెక్కిన అబద్ధపు తేదీ మళ్లీ దిగదు. పత్రికవాళ్లు బోర్డు చూసి రాస్తారు, తర్వాత బోర్డు వేసేవాళ్లు పత్రిక చూసి రాస్తారు.

ఇంకోటి. బాట వేశాక జనం వస్తారు, చేతులు పెడతారు. శాసనం అక్షరాలు కనిపించడానికి సుద్దపొడి రుద్దకండి, నూనె రాయకండి, పిండి పుయ్యకండి. చూస్తున్నాను, ఇంకా చేస్తున్నారు. రాయి పీల్చుకున్నది మళ్లీ బయటికి రాదు. సాయంత్రం టార్చిలైటు తీసుకెళ్లి రాతికి ఆనించినట్టు పక్కనుంచి వెలుతురు పడనివ్వండి. పగలు కనపడని అక్షరాలు నీడలతో లేచి కూర్చుంటాయి. నాచు పట్టిందని వైరు బ్రష్షుతో గీకకండి, యాసిడ్ పొయ్యకండి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు, "పాతది కదా, కాస్త బాగుచేద్దాం" అనే ఉత్సాహం. సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఆ తేమ ఇటుకల్లోంచి దారి వెతుక్కుంటుంది, ఉప్పు పేరుతుంది, ఇటుక పైపొర పెచ్చులుగా రాలుతుంది. సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది! ఆస్ట్రేలియా ఐకోమాస్ వాళ్ల బర్రా చార్టర్, మొదటిసారి 1979లో వచ్చింది, దానిలో సూత్రం సులువుగానే ఉంటుంది: అవసరమైనంత చెయ్యి, వీలైనంత తక్కువ మార్చు. స్థలానికి ఉన్న విలువల్లో సామాజిక విలువని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి వంతెన గారికీ నచ్చుతుంది.

#12 · సందేహాలరావు

ఒప్పుకున్నాను. కానీ ఒకే గోడ గురించి రెండు కుటుంబాలు రెండు కథలు చెబితే?

#13 · రాళ్లభాష

"జనం చెప్పుకునేది" అన్నచోట రెండు కథలు రాస్తాం. ఎవరి కథ ముందు రావాలని కొట్టుకుంటే ఆ బోర్డు ఒక ఏడాది ఆపుతాం.

#14 · వంతెన

నా మూడో ప్రశ్న ఇక్కడే పనికొస్తుంది. చూపించడం ఇష్టం లేనివి రెండు రకాలు. ఒకటి, అది ఒకరి ఇల్లు. వాళ్లు వద్దంటే అంతే, బతిమాలకూడదు. గేటు ముందు గుంపు నిలబడి లోపలికి తొంగిచూడటం ఎవరికీ నచ్చదు. రెండోది, అక్కడ జరిగింది తలుచుకుంటే నొప్పి. అల్లర్లు, వెలి, ఒకరిని ఒక దారిన రానివ్వకపోవడం. దీన్ని వదిలేస్తే బాట అందంగా ఉంటుంది, సగం అబద్ధమవుతుంది. పెడితే ఎలా పెట్టాలన్నది నొప్పి పడినవాళ్లు చెప్పాలి, మనం కాదు.

గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు 1992 నుంచి వేస్తున్న స్టోల్పర్‌స్టైన్‌లు చూడండి. నాజీల చేతిలో బలైనవాళ్లు తమ ఇష్టప్రకారం నివసించిన చివరి ఇంటి ముందు, దారిలోనే 10 సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలక పొదుగుతారు. పేరు, పుట్టిన ఏడాది, తర్వాత ఏమైంది, అంతే. చాలాచోట్ల ఆ పేర్లు వెతికి తీసేది ఆ వీధివాళ్లు, బడిపిల్లలు. లక్ష పైగా పలకలు పడ్డాయి. ఇంత మంచి పనికి కూడా మ్యూనిక్ నగరం తన రోడ్ల మీద చోటివ్వలేదు. చనిపోయినవాళ్ల పేర్లు కాళ్లకింద పడకూడదని అక్కడి యూదు సమాజంలో కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కొందరేమో కావాలన్నారు. చివరికి నగరం గోడలకి పలకలు, స్తంభాలు అనే వేరే పద్ధతి పెట్టుకుంది. ఒకే నొప్పి ఉన్నవాళ్లకే రెండు అభిప్రాయాలుంటే బయటినుంచి వచ్చిన మనం ఎంత ఆగాలో ఆలోచించండి.

#15 · పాతబాట

మూడు వారాలుగా కనపడలేదు, క్షమించాలి. నడుస్తున్నాం. 19 మందితో విడివిడిగా నడిచాం. ముగ్గురు మేం చుక్క పెట్టుకున్న పెద్ద భవనం పక్కనుంచే వెళ్లారు, ఒక్కరూ దాని వైపు చూడలేదు. అడిగితే "అదా, అందులోకి మమ్మల్నెప్పుడూ రానివ్వలేదు కదా" అన్నారు. అది బోర్డు మీద ఎలా రాయాలో తెలియడం లేదు.

#16 · వంతెన

అలాగే రాయండి. ఎవరు కట్టారు, ఎవరు లోపలికి వెళ్లారు, ఎవరు బయటే నిలబడ్డారు. మూడు వాక్యాలు.

#17 · నాలుగుచక్రాలు

ఇంతసేపు చదివాను. "నడక" అనే మాట ఇప్పటికి పాతికసార్లయినా వచ్చింది. నేను చక్రాల కుర్చీలో తిరుగుతాను.

బాటంతా నాకు అనువుగా ఉండాలని అడగను, పాత చోట్లు పాతగానే ఉంటాయి. నాకు కావలసింది ముందే చెప్పడం. ఎన్ని మెట్లు, ఎక్కడ గులకరాళ్లు, ఎక్కడ ఇరుకు, ఎక్కడ పక్కదారి. "అందరికీ అందుబాటులో" అని రాసి చివర్లో మూడు మెట్లు పెడతారు. ఆ మూడు మెట్ల ముందు నుంచి వెనక్కి తిరగడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. వాలుకట్ట, అదే ర్యాంపు, పెట్టేట్టయితే ఒక అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవుండాలి. బోర్డు తల ఎత్తి చూడాల్సిన చోట కాకుండా, కూర్చున్నా చదవగలిగేలా తక్కువ ఎత్తులో కాస్త వెనక్కి వాల్చి పెట్టండి. పిల్లలకీ పనికొస్తుంది. ప్రతి మూడు నాలుగు చోట్లకి ఒకసారి కూర్చోవడానికి అరుగో బెంచో. మరుగుదొడ్డి ఎక్కడుందో మ్యాప్‌లో వెయ్యండి. చరిత్ర మీద ఎంత ప్రేమ ఉన్నా అది ముందు కావాలి.

#18 · పాతబాట

చాలా థాంక్సండీ. మాలో ఒక్కరికీ ఇది తట్టలేదు. మాతో ఒకసారి వస్తారా? మీకు వీలైన రోజే పెట్టుకుందాం.

#19 · నాలుగుచక్రాలు

ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

#20 · తుప్పుబోర్డు

నా పేరు చూస్తే కథ అర్థమై ఉంటుంది. ఎనిమిదేళ్ల క్రితం ఇలాంటి బాటే వేశాం. మంచి డబ్బొచ్చింది, బోర్డులు మెరిసిపోయాయి, ప్రారంభోత్సవానికి పెద్దలొచ్చారు, రిబ్బను కట్ చేశారు. డబ్బంతా బోర్డులకే పెట్టేశాం. మొదటి వేసవికే ఎరుపు రంగు తెల్లబోయింది. రెండో ఏడాది క్యూఆర్ కోడ్ కొడితే ఏదో రుణాల ప్రకటన వచ్చింది. వెబ్‌సైట్ పేరు రెన్యువల్ చెయ్యడం ఎవరి పనో ఎవరికీ తెలియదు, ఇంకెవరో కొనేసుకున్నారు. బోర్డులు వేసిన సంస్థకి ఫోన్ చేస్తే వారంటీ అయిపోయిందన్నారు. ఒక బోర్డులో ఒకావిడ ఇంటిపేరు తప్పు పడింది. ఆవిడ మనవడు మూడుసార్లు వచ్చి అడిగాడు. కొత్త బోర్డుకి డబ్బుల్లేవు. చివరికి అతనే మార్కర్ పెన్నుతో దిద్దాడు. ఇప్పటికీ ఆ దిద్దుబాటే చెక్కుచెదరకుండా ఉంది.

మళ్లీ చేస్తే ఇలా చేస్తాను. మొదటి ఏడాది బోర్డులే వెయ్యను. అట్టముక్కల మీద రాసి, నడిచే రోజు మాత్రం పెట్టి, సాయంత్రం తీసేస్తాను. తప్పులన్నీ ఆ అట్టల మీదే బయటపడతాయి. ప్రతి చోటికీ ఒక మనిషి, దగ్గర్లో ఉండేవాళ్లు, నెలకోసారి చూసి ఒక ఫోటో గ్రూపులో పెట్టాలి. వచ్చిన డబ్బులో ఒక వంతు మొదటిరోజే పక్కన పెట్టి, మూడేళ్లదాకా ముట్టుకోను.

#21 · మ్యాపుపిచ్చి

క్యూఆర్ కథ నా గుండెల్లో గుచ్చుకుంది, నేనూ అలాంటివి పెట్టించినవాణ్నే. రెండు జాగ్రత్తలు. కోడ్ నేరుగా పేజీకి కాకుండా మీ చేతిలో ఉన్న ఒక లింకుకి పోవాలి, అక్కణ్నుంచి ఎటు కావాలంటే అటు మళ్లించుకోవచ్చు. కోడ్ చేసేటప్పుడు దిద్దుబాటు స్థాయి 'హెచ్' ఎంచుకోండి, దాదాపు 30 శాతం గీతలుపడి పాడైనా ఫోన్ చదువుతుంది. ముఖ్యంగా, కోడ్ లేకపోయినా బోర్డు పనిచెయ్యాలి. వంద మాటల్లో చెప్పలేనిది ఎండలో నిలబడి ఎవరూ చదవరు.

బోర్డుల్లేకుండా కూడా బాట నడుస్తుందనడానికి స్పెయిన్‌లోని సాంటియాగోకి కాలినడకన వెళ్లే కమీనో యాత్రే సాక్ష్యం. ఆ దారిలోని ఓ సెబ్రేరో అనే చిన్న ఊరి పాదరీ ఎలియాస్ వాలిన్యా 1980లలో దారిపొడవునా పసుపు రంగు బాణాలు వేసుకుంటూ పోయాడు. రంగు డబ్బా, బ్రష్షు. 1987లో ఐరోపా మండలి మొదటి సాంస్కృతిక మార్గంగా ఆ బాటనే గుర్తించింది. ఇప్పటికీ జనం ఆ బాణాలు చూసుకునే నడుస్తున్నారు.

#22 · బడిగంట

రోడ్డు మీద, వేరేవాళ్ల గోడ మీద బాణాలు వేసేముందు అనుమతి తీసుకోండి బాబూ. మా పిల్లలు వేసేశారు, నేను వెళ్లి కడిగించాను.

#23 · సందేహాలరావు

అట్టముక్కల ఆలోచన నచ్చింది. ఈ చర్చలో నాకు పూర్తిగా నచ్చినది అదొక్కటే, రాసుకోండి.

#24 · పాతబాట

నిన్న అట్టలతో మొదటి నడక పెట్టాం. 11 చోట్లు, 2.3 కిలోమీటర్లు. 32లో మిగిలినవి 4, మిగతా 7 నడకల్లో దొరికినవి. 26 మంది వచ్చారు. సమావేశం ఏదీ పెట్టలేదు, మాతో నడిచిన ఆ 19 మందినే ఒక్కొక్కరు ఇంకొకరిని తీసుకురమ్మన్నాం. కథలు చెప్పింది మేం కాదు, ఏ చోటి మనిషి ఆ చోట. ఒకాయన నాలుగు నిమిషాలని చెప్పి ఇరవై నిమిషాలు చెప్పాడు. ఆపడానికి ఎవరికీ మనసొప్పలేదు, చివరి రెండు చోట్లు చీకట్లో చూశాం. నాలుగుచక్రాలు గారు అంతకుముందు వారం మాతో వచ్చి రెండుచోట్ల దారి మార్పించారు. ఒక బెంచీ అరువు తెచ్చి వేశాం. దానిమీద ఎక్కువసేపు కూర్చున్నది మా ఏడుగురిలో ఒకడే. అట్టల మీద తప్పులు 9 దొరికాయి.

అసలు సంగతి వేరే. 6కీ 7కీ మధ్య దారిలో మా జాబితాలో లేని ఒక గోడ దగ్గర సగంమంది ఆగిపోయారు. మామూలు ఇంటి గోడ. దానిమీద నాలుగు అడ్డగీతలున్నాయి, మేకుతో గీసినట్టు. వరదొచ్చినప్పుడల్లా నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ ఇంటి పెద్దాయన గీసుకున్న గుర్తులట. అన్నిటికన్నా పైగీత నా భుజం దాటి ఉంది. ఒక్కొక్కరూ ఆ గీత పక్కన నిలబడి అప్పుడు తామెక్కడున్నారో, ఎవరు ఎవర్ని ఎత్తుకున్నారో చెప్పడం మొదలెట్టారు. అప్పటిదాకా నోరు విప్పనివాళ్లు కూడా. నేను ఆ దారిన కనీసం వందసార్లు వెళ్లి ఉంటాను.

చిక్కేమిటంటే, ఆ ఇల్లు ఇప్పుడు ఆయన కొడుకుది. మర్యాదగానే మాట్లాడాడు, అందరికీ మంచినీళ్లిచ్చాడు. కానీ వచ్చే వారం గోడకి రంగు వేయించుకుంటున్నాడు, పని మాట్లాడేసుకున్నాడు కూడా. వద్దనడానికి మేమెవరం? ఏం చెయ్యాలి?

#25 · వంతెన

వద్దనకండి. ఆ గీతల దగ్గర నిన్న ఎవరేం చెప్పారో అతనికి చెప్పండి, వీలైతే చెప్పినవాళ్లనే తీసుకెళ్లండి. వాళ్ల నాన్న గీసింది ఊరందరికీ కావలసిందని అతనికి తెలియకపోవచ్చు. ఆపైన నిర్ణయం అతనిది. గీతలున్న ఆ కాస్త మేరా వదిలేసి మిగతా గోడకి రంగు వేసుకోవచ్చు కదా అన్నది అతని నోటినుంచే వస్తే ఇంకా మంచిది.

#26 · రాళ్లభాష

అతను ఏమన్నా సరే, ముందు కొలవండి. గడప పైఅంచు నుంచి ఒక్కో గీతకీ ఎత్తు. గడప అయితే రంగు వేసినా కదలదు. గీత పక్కన స్కేలు కనిపించేలా ఫోటో, ఎదురుగా ఒకటి, పక్కనుంచి వెలుతురు పడేలా ఒకటి. ఏ గీత ఏ ఏడాదిదో ఆ ఇంట్లోవాళ్లని అడిగి రాసుకోండి. వేర్వేరుగా చెబితే రెండూ రాసుకోండి. రంగు పడ్డాక ఈ పని చెయ్యలేరు.

#27 · పాతబాట

రేపు పొద్దున్నే వెళ్తున్నాను. స్కేలు లేదు, ఇంట్లో బట్టలు కొలిచే టేపుంది. సరిపోతుందా?

#28 · రాళ్లభాష

సరిపోతుంది. సాగదీయకండి.